రేకుల షెడ్డులో కట్టేసిన కుక్కకు ఉక్కపోత గండం

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఇంట్లో రెండు కుక్కలున్నాయి. బ్రూనో ఆరేళ్ళ లాబ్రడార్, 38 కిలోలుంటాడు. చిన్ని మూడేళ్ళ తెల్ల స్పిట్జ్. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోతాం కాబట్టి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు రెంటినీ మేడ మీద సిమెంటు రేకుల షెడ్డులో గొలుసులతో కట్టి, స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టి వెళ్తాం. పోయిన వారం సాయంత్రం వచ్చి చూసేసరికి బ్రూనో విపరీతంగా రొప్పుతూ, జిగటగా చొంగ కారుస్తూ, నిలబడలేక తూలుతున్నాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తడి తువ్వాలు కప్పి ఫ్యాను కింద పడుకోబెడితే రాత్రికి తేరుకున్నాడు. డాక్టరుకి చూపించలేదు. మా అత్తగారు తరవాణి పట్టమంటున్నారు. పక్కింటి మావయ్యగారు బొచ్చంతా గొరిగించేయమంటున్నారు. కూలరు కొనాలా? మళ్ళీ అలా జరిగితే ఏం చేయాలి? మా వీధికుక్కలు మురుగుకాలవలో పడుకుంటున్నాయి, వాటికేమైనా చేయగలమా?

సమాధానం: ముందు బ్రూనో సంగతి. మీరు రాసినవన్నీ వడదెబ్బ లక్షణాలే. రాత్రికి తేరుకున్నాడని మీరు ఊరుకున్నారు గానీ వడదెబ్బ చేసే చేటు ఆ రోజే అంతా బయటపడదు. ఒళ్ళు అంత వేడెక్కినప్పుడు కిడ్నీలు, కాలేయం, పేగుల లోపలి పొర, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతింటాయి. పైకి బాగానే కనిపించిన కుక్క ఒకటి రెండు రోజులకు నెత్తురు విరేచనాలతో, ముదురురంగు మూత్రంతో, పొట్ట మీదా చిగుళ్ళ మీదా ఎర్రటి చుక్కలతో కుప్పకూలిపోవచ్చు. వారం గడిచింది, తింటున్నాడు అంటే పెద్ద గండం దాటినట్టే. అయినా ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ ఎంజైములు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు చూడమని అడగండి. వాడికి పిడుదులు పట్టి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. పిడుదుల జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఒళ్ళు కాలిపోతుంది, కాబట్టి డాక్టరు రెంటినీ విడదీసి చూడాలి. శ్రీకాకుళంలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళొచ్చు. ఇంకా లోతుగా చూపించాలంటే విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్ళినా పొద్దున్నే బయలుదేరండి. ఒకసారి వడదెబ్బ తిన్న కుక్కకు రెండోసారి తగిలే అవకాశం ఎక్కువ. అందుకని ఈ వేసవి అయ్యేదాకా వాణ్ణి పేషెంటుగానే చూడండి.

అసలు మన తీరంలో కుక్కలకు ఇంత కష్టం ఎందుకో చెప్పాలి, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. మనకు చెమట ఒళ్ళంతా పడుతుంది. కుక్కకు అరికాళ్ళలో కొద్దిగా పడుతుంది, అంతే. అది ఒంటి వేడిని వదిలించుకునేది ముఖ్యంగా రొప్పడంతోనే. నాలుక మీదా, నోటిలోనూ, ముక్కు లోపలా ఉన్న తడి ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని చక్కగా జరుగుతుంది. శ్రీకాకుళం వైపు గాలిలో సముద్రపు తేమ నిండి ఉంటుంది. తడి ఆవిరి కాదు, కుక్క ఇంకా గట్టిగా రొప్పుతుంది. అలా రొప్పడానికి కండరాలు పనిచేస్తాయి, ఆ పనికి మళ్ళీ వేడి పుడుతుంది. ఎంత రొప్పితే అంత వేడి. అందుకే ఇక్కడ 36 డిగ్రీల ఉక్క రోజు, రాయలసీమలో 41 డిగ్రీల పొడి రోజు కన్నా కుక్కకు ప్రమాదం కావచ్చు. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరితే గాని వడగాలి లెక్కలోకి తీసుకోని వాతావరణ శాఖ, తీరప్రాంతాలకు ఆ గీత 37 దగ్గరే గీసింది. మీరు ఫోనులో డిగ్రీల అంకె ఒక్కటే చూడకండి, పక్కనే ఉండే తేమ శాతం కూడా చూడండి. చిన్న వాన పడి వెలిసి మళ్ళీ ఎండ కాసిన మధ్యాహ్నం, రోహిణి కార్తె నడి ఎండంత చెడ్డది.

ఇంకో సంగతి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన లెక్కలో అది జ్వరం, దానికి మామూలు. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు. 106 దగ్గరికి వెళ్ళిందంటే లోపల అవయవాలు దెబ్బతింటూ ఉన్నట్టు. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని కుక్కల కోసమే విడిగా పెట్టుకోండి. కొసకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి ఒక అంగుళం మెల్లగా పోనిచ్చి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. కుక్క చల్లగా, హుషారుగా ఉన్న రోజున రెండు మూడుసార్లు చూసి అలవాటు చేయండి. ఆపద వేళ మొదటిసారి ప్రయత్నిస్తే అది కరుస్తుంది.

మళ్ళీ అలా జరిగితే మొట్టమొదటి పని ఆటో పిలవడం కాదు, చల్లార్చడం. ఒళ్ళు ఎంతసేపు వేడిగా ఉంటే అంత నష్టం. దారిలో పోయే అరగంటే ప్రాణం తీయగలదు. వెంటనే కిందికి, నీడలోకి తీసుకురండి. గొట్టంతో గాని, చెంబుతో గాని నీళ్ళు ఆగకుండా పోస్తూ ఉండండి. మెడ, చంకలు, పొట్ట, తొడల లోపలి వైపు ముఖ్యం. పోస్తూనే వేళ్ళతో బొచ్చు విడదీసి చర్మానికి తడి అందేలా రుద్దాలి. చిన్ని లాంటి స్పిట్జ్‌కు లోపలి బొచ్చు దట్టంగా ఉంటుంది, ఊరికే పోస్తే నీళ్ళు పైపైనే జారిపోతాయి. అదే సమయంలో ఫ్యాను నేరుగా ఒంటి మీదికి తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్కను, తల పైకి పట్టుకుని, నీళ్ళ తొట్టిలో మెడ వరకు దించినా మంచిదే. ముసలిదైనా, గుండె జబ్బున్నా, స్పృహ సరిగా లేకపోయినా నీళ్ళు పోసి ఫ్యాను పెట్టడమే మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు చేతికే చురుక్కుమంటాయి. ఆ వేడి నీళ్ళు పోతేగాని గొట్టం కుక్క మీదికి తిప్పకండి. నుయ్యి, బోరు ఉంటే ఆ నీళ్ళే వాడండి. రెండు బకెట్ల నీళ్ళు ఎప్పుడూ నీడలో పట్టి ఉంచుకోవడం ఇంకా మంచిది. చల్లటి నీళ్ళు పోస్తే రక్తనాళాలు ముడుచుకుపోతాయని, గోరువెచ్చటివే పోయాలని ఇదివరకు చెప్పేవారు. ఇప్పుడు పశువైద్యులు ఆ మాట చెప్పడం లేదు. కుక్క ఒంటి కన్నా చల్లగా ఉన్న ఏ నీళ్ళయినా పోయండి, ఆలస్యం మాత్రం వద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేయడమే పొరపాటు. రెండు నిమిషాల్లో ఆ గుడ్డ కుక్క వేడిని తీసుకుని వెచ్చబడుతుంది, పైన గాలి తగలనివ్వదు. మీ బ్రూనోకి ఫ్యాను గాలి సాయం చేసింది గాని తువ్వాలు కాదు. తడి గుడ్డ కింద పరచొచ్చు, మీద కప్పొద్దు.

మూడు నాలుగు నిమిషాలకొకసారి థర్మామీటరు చూస్తూ, 103.5 కి రాగానే నీళ్ళు ఆపేయాలి. ఆపాక కూడా వేడి ఇంకాస్త దిగుతుంది. అదే పనిగా పోస్తే ఒళ్ళు మరీ చల్లబడిపోయి అదొక సమస్య. స్పృహలో ఉండి తనంతట తాను తాగితే నీళ్ళు కొద్దికొద్దిగా ఇవ్వండి. పడిపోయి ఉన్న కుక్క నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మన బిళ్ళలు వేయకండి. ఇది జ్వరం కాదు కాబట్టి వాటితో దిగదు, పైగా ఆ మందులు కుక్కకు విషం. అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఉల్లిపాయ గురించి. వడదెబ్బకు ఉల్లిరసం పట్టడం మన ఇళ్ళలో అలవాటు. కుక్కకు అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పచ్చిదైనా, ఉడికినదైనా, రసమైనా పనికిరాదు.

వేడి దిగడం మొదలయ్యాక ఆసుపత్రికి బయలుదేరండి. తడి ఒంటితోనే, కిటికీలు తీసి, గాలి తగిలేలా తీసుకెళ్ళండి. కరుస్తుందన్న భయంతో మూతిని గుడ్డతో బిగించి కట్టారంటే రొప్పే దారి కూడా మూసేసినట్టే. మూతికి కట్టు తప్పకపోతే నోరు తెరుచుకునే బుట్ట తరహాదే వాడాలి. ప్రభుత్వ సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది, చేసి అడగొచ్చు, కానీ వాళ్ళు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. చిగుళ్ళు ముందు ముదురు ఎర్రగా ఉండి తరవాత పాలిపోవడం గాని నీలంగా మారడం గాని, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకండ్లలో రంగు తిరిగి రాకపోవడం, మూర్ఛ రావడం, నెత్తురు పడడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా పోనివ్వకండి.

ఇప్పుడు ఆ షెడ్డు. మొహమాటం లేకుండా చెబుతున్నాం, వేసవిలో అది కుక్కను ఉంచే చోటు కాదు. సిమెంటు రేకు ఎండకు కాలి ఆ వేడిని కిందికి వదులుతూ ఉంటుంది. నీడ ఉంటుంది గాని ఆ నీడలోనే సెగ ఉంటుంది. కింద స్లాబు పొద్దుటి నుంచి వేడిని పట్టి సాయంత్రం దాకా వదలదు. కుక్క చల్లదనం కోసం పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది, అక్కడ అదే కాలుతోంది. పైన సెగ, కింద సెగ, మెడకు గొలుసు. నీడ పక్కకు జరిగితే కుక్క జరగలేకపోతుంది. గొలుసు కాలికో స్తంభానికో చుట్టుకుంటే గిన్నె దాకా పోలేదు. ఆ స్టీలు గిన్నెలో నీళ్ళు పదకొండింటికే వేడెక్కుతాయి, తన్నేస్తే ఆరు గంటల దాకా చుక్క నీరుండదు.

రెంటినీ కిందికి దించండి. ఉత్తరం వైపు వరండా గాని, మెట్ల కింద చోటు గాని, కిటికీ తెరిచి ఉన్న బాత్రూము గాని చాలు. బాత్రూము టైల్స్ నేల కుక్కకు హాయి. ఫినాయిలు, యాసిడ్ సీసాలు మాత్రం బయట పెట్టేయండి, నేలను ఫినాయిలు లేకుండా మామూలు నీళ్ళతో కడగండి. గొలుసుకు బదులు వరండాకు కటకటాల తలుపు గాని, మూడడుగుల జాలీ అడ్డం గాని పెట్టించండి. దానికయ్యే ఖర్చు ఒక్కసారి వడదెబ్బకు సెలైన్లు ఎక్కించే ఖర్చు కన్నా తక్కువే ఉంటుంది.

కిందికి దించడం ఏ విధంగానూ కుదరకపోతేనే షెడ్డుకు మార్పులు చేయండి. రేకుల మీద దళసరిగా సున్నం కొట్టించండి. ఆ రేకుల పైన అడుగు ఎత్తున కర్రలు కట్టి కొబ్బరాకు తడికెలు గాని తాటాకు గాని పరిపించండి. ఆ అడుగు ఖాళీలోంచి గాలి ఆడాలి, రేకుకే అంటించి వేస్తే సగం ప్రయోజనం పోతుంది. పక్కలకు నీలం టార్పాలిన్ కట్టకండి, గాలి ఆగి లోపల ఉడికిపోతుంది. పడమటి వైపు ఒక్కటే తడిక కట్టి మిగతా మూడు వైపులా తెరిచి ఉంచండి. పడుకోడానికి కాళ్ళున్న పొట్టి నులకమంచమో నవారు మంచమో వేయండి, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. షెడ్డులో కుక్క తల ఎత్తున ఒక గది థర్మామీటరు తగిలించి సెలవు రోజు మధ్యాహ్నం రెండింటికి చూడండి. ఇన్ని చేసినా 35 దాటుతోందంటే ఆ చోటు వదిలేయాల్సిందే.

తొమ్మిది గంటలు ఎవరూ చూడకపోవడం ఇంకో లోపం. పక్కింటి మావయ్యగారు అంత శ్రద్ధగా సలహా ఇచ్చారు కదా, పన్నెండున్నరకు ఒకసారి, మూడింటికి ఒకసారి వచ్చి నీళ్ళు మార్చి, పొట్ట, కాళ్ళు తడిపి వెళ్ళమని అడగండి. ఈ రెండుసార్ల తడుపు బ్రూనోకి చాలా మేలు చేస్తుంది. ఎందుకంటే ఫ్యాను ఒక్కటే కుక్కను చల్లార్చదు. మనకు చెమట ఉంది కాబట్టి ఫ్యాను గాలి చల్లగా తగులుతుంది. పొడిగా ఉన్న కుక్క మీద వేడి గాలి ఆడితే ఒరిగేది తక్కువ. తడిపితే ఆ తడే దాని చెమట అవుతుంది. తేమ రోజుల్లో గాలి ఎంత జోరుగా ఆడితే తడి అంత ఆరుతుంది, కాబట్టి తడి, గాలి రెండూ కలిసి ఉండాలి.

కూలరు విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. నీళ్ళ కూలరు గాలిలో తేమ పెంచి చల్లబరిచే యంత్రం. తలుపులు వేసిన గదిలో మన దగ్గర పెడితే అరగంటకే గది జిడ్డుగా, ఉక్కగా తయారై కుక్కకు రొప్పినా ఫలితం ఉండదు. కొనకండి. ఆ డబ్బు పెట్టి మంచి గోడ ఫ్యాను, దానికి కరెంటు పోతే నడిచేలా చిన్న ఇన్వర్టరు పెట్టించుకోండి. తీగలు కుక్క నోటికి అందకూడదు. ఏసీ ఉన్న గదిలో ఉంచగలిగితే 26 దగ్గర పెట్టండి, అంతకన్నా చల్లదనం అవసరం లేదు.

నీళ్ళ లెక్క: కుక్కకు మామూలు రోజుల్లో కిలోకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. బ్రూనోకి రోజుకు రెండు లీటర్లు. ఎండాకాలంలో అది మూడు, నాలుగు కావొచ్చు. అయిదు లీటర్లు పట్టే బరువైన మట్టి గోలెం ఒకటి నీడలో పెట్టండి, తన్నినా పడదు, నీళ్ళు చల్లగా ఉంటాయి. దానికి దూరంగా రెండోది. పొద్దున, సాయంత్రం పారబోసి పీచుతో తోమి నింపండి, లేకపోతే దోమపిల్లలు చేరతాయి. దోమకాటుతో కుక్కలకు గుండెలో పురుగులు వచ్చే జబ్బు ఉంది.

తరవాణి మనకు చలవ. కుక్కకు దాని అవసరం లేదు. ఉప్పు, ఉల్లి, పచ్చిమిరప వేసినది అసలు తాకించొద్దు. మీ అత్తగారి మనసు కష్టపెట్టకుండా ఉండాలంటే ఉప్పు వేయని పల్చటి గంజి, బాగా చల్లారాక ఒక గ్లాసు పోయమనండి. ఉప్పు లేని పల్చటి మజ్జిగ కూడా కొద్దిగా పరవాలేదు, కొన్నిటికి పాలపదార్థాలు పడక విరేచనాలవుతాయి, చూసుకోండి. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, కీరా ముక్కలు పెట్టొచ్చు. ద్రాక్ష వద్దు. ఇది మామిడికాయల కాలం, టెంకలు చెత్తబుట్టలో అందకుండా చూడండి. లాబ్రడార్లు టెంకను అలాగే మింగేస్తాయి, అది పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే. తిండి ఎండ రాకముందు ఒకసారి, రాత్రి ఏడున్నర తరవాత ఒకసారి పెట్టండి. 38 కిలోలంటే చాలా లాబ్రడార్లకు ఎక్కువే. పక్కటెముకలు చేతికి తగలకపోతే అన్నం తగ్గించాలి. కొవ్వు ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, రొప్పడాన్ని కూడా బరువు చేస్తుంది.

గొరిగించడం వద్దు. స్పిట్జ్‌కు, లాబ్రడార్‌కు రెండు వరసల బొచ్చు. పై వరస ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. నున్నగా గొరిగితే తెల్ల స్పిట్జ్ గులాబీ చర్మం కమిలిపోతుంది, బొచ్చు మళ్ళీ సరిగా రాకపోవచ్చు కూడా. తీయాల్సింది లోపల ఊడిపోయి ఉండలు కట్టిన బొచ్చు. ఇనుప పళ్ళ దువ్వెనతో వారానికి మూడుసార్లు దువ్వండి, గాలి చర్మం దాకా పోతుంది. దువ్వేటప్పుడే చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులున్నాయేమో చూడండి. వాటికి కిరసనాయిలు రాయడం మానండి, చర్మం కాలుతుంది, నాకితే విషం.

షికారు విషయం. మేలో ఇక్కడ అయిదుంపావుకే తెల్లారిపోతుంది, ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి. సాయంత్రం సూర్యుడు దిగగానే బయలుదేరకండి, తారు రోడ్డు చల్లారడానికి ఇంకా గంట పైనే పడుతుంది. అరచెయ్యి వెనక భాగం రోడ్డుకు ఏడు సెకండ్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయి. బంతి విసిరి పరుగెత్తించే ఆటలు వేసవిలో మానెయ్యండి, లాబ్రడార్ అలసినా ఆగదు. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. వడదెబ్బలు నడి మే కన్నా ముందే, మార్చి, ఏప్రిల్‌లో ఒక్కసారిగా వేడి పెరిగినప్పుడు కూడా ఎక్కువగా చూస్తాం. ఒళ్ళు కొత్త వేడికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది.

వీధికుక్కలు కాలవలో పడుకుంటే తోలకండి. ఆ బురద తడే వాటి ప్రాణం నిలబెడుతోంది. గేటు పక్కన, రోజంతా నీడ ఉండే చోట వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టి రెండు పూటలా నింపండి. మీ గేటు లోపలి నీడను మధ్యాహ్నం మూడు గంటల పాటు వాటికి వదిలినా చాలు. ఎవరిదో తెలియని కుక్క చొంగ కారుస్తూ తూలుతుంటే మాత్రం చేతులతో పట్టుకోకండి. వడదెబ్బ కావచ్చు, రేబిస్ కూడా అలాగే కనిపిస్తుంది. దూరం నుంచి గొట్టంతో నీళ్ళు కొట్టి పశువైద్యశాలకు కబురు చేయండి. కరిచినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు వెళ్ళి టీకా వేయించుకోవాలి.

మృగశిర కార్తె రాగానే షెడ్డులోకి మళ్ళీ ఎక్కించేయకండి. తొలి వానలతో ఎండ తగ్గినా ఉక్క ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. వానలు బాగా కుదిరి, షెడ్డు థర్మామీటరు మధ్యాహ్నం 30 లోపు నిలిచాకే ఆ ఆలోచన చేయండి, అదీ గొలుసు లేకుండా.